మేరువు ఎత్తు

మా కారంచేడు ప్రాంతంలో ఎడ్లను చూసి కొనడం ఒకప్పుడు ఒక శాస్త్రం. పళ్ళు చూసేవారు, గిట్టలు చూసేవారు, మూపురం చూసేవారు, నాలుగడుగులు నడిపించి చూసేవారు. వీటితోపాటు సుడులు కూడా చూసేవారు. ఫలానా చోట సుడి ఉంటే యజమానికి అరిష్టమనీ, ఫలానా చోట ఉంటే గాదె నిండుతుందనీ పెద్ద పెద్ద వాదాలు జరిగేవి. మా నాన్నగారు సుడుల ప్రసంగం వచ్చినప్పుడల్లా నవ్వి ఊరుకొని, ఎద్దును బరువు బండికి కట్టించి ఒక ఫర్లాంగు దూరం తోలించి చూసేవారు. లాగవలసిన జంతువును లాగించి చూడాలి గాని వెంట్రుకలు చూడడమేమిటని ఆయన అభిప్రాయం.

ఈ వేసవిలో ఒక టెనర్ యుకలేలేను పరీక్షించవలసిన పని నా మీద పడింది. ఆ పరికరాన్ని గురించి అంతర్జాలంలో దొరికిన సమీక్షలు ఓపికగా చదివాను. వాటిలో ముప్పాతిక వంతు సుడుల శాస్త్రమే! మెరుగు బాగుందట, ముత్యపుచిప్ప పొదుగుడు బాగుందట, సంచీ బాగుందట. తీగ ఎంత ఎత్తున ఉన్నది, మొదటి మెట్టు మీద స్వరం నిలుస్తున్నదా లేదా అన్న మాట వెదికితే గాని కనబడలేదు. ఆ కొరత వల్లనే ఈ టపా వ్రాస్తున్నాను. తెలుగు పండితుడికి యుకలేలే గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. పదకొండేళ్ళ మా మనవరాలు "నాకు సంగీతం రాదు తాతయ్యా, నా వేళ్ళు మంచివి కావు" అని తేల్చి చెప్పి, ఆ పెట్టెను బీరువా వెనక నిలబెట్టింది. ఆ మాట పడనిచ్చి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ముందుగా వాయిద్యం సంగతి. మన పిల్లలు దీన్ని యుకలేలే అంటున్నారు. పుట్టినచోట, అనగా హవాయి దీవులలో, అది ఉకులేలే. 1879లో పోర్చుగల్ వారి మదీరా ద్వీపం నుంచి చెరకు తోటల్లో పనికోసం వలస వెళ్ళిన కూలీలు రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో హొనొలులూ చేరారు. వారితోపాటు మషేత్ అనే చిన్న నాలుగు తీగల వాయిద్యమూ దిగింది. ఆ ఓడలో వచ్చినవారిలో కొయ్యపని తెలిసిన ముగ్గురు, మాన్యువల్ నూనెస్, ఆగస్తో దియాస్, జొజె దో ఎస్పిరితు శాంతు, అక్కడి కర్రతో దాన్ని కొత్తగా మలిచారు. కలాకవా రాజు దాన్ని ఆదరించి కొలువులో వాయింపజేశాడు. హవాయి భాషలో ఆ పేరుకు "గెంతే పురుగు" అని అర్థం చెబుతారు, తీగల మీద వేళ్ళు గెంతుతాయి గనుక. ఆ దీవుల చివరి రాణి లిలియువొకలానీకి ఆ వ్యుత్పత్తి రుచించలేదు. "ఉకు" అంటే కానుక, "లేలే" అంటే రావడం, కాబట్టి "వచ్చిన కానుక" అని ఆమె చెప్పిందట. వ్యుత్పత్తులతో జీవితం గడిపినవాణ్ణి గనుక నా ఓటు రాణీగారికే. ఎంతైనా పురుగు కన్న కానుక మేలు కదా!

సొప్రానో, కాన్సర్ట్, టెనర్, బారిటోన్ అని ఇందులో నాలుగు పరిమాణాలు. మోగే తీగ పొడవు టెనర్‌కు సుమారు 17 అంగుళాలు. వేళ్ళకు కాస్త చోటు ఉంటుంది, నాదానికి కాస్త లోతు ఉంటుంది. తీగలు నైలాన్‌వి, లేదా ఆ జాతివే మరికొన్ని. లోహపు తీగలాగా వేలిని కోయవు.

నాలుగు తీగలకు పాశ్చాత్యులు పెట్టిన శ్రుతి జీ, సీ, ఈ, ఏ. సీని షడ్జంగా తీసుకుంటే అవి ప, స, గ, ద. గాంధారం అంతర గాంధారం, ధైవతం చతుశ్రుతి ధైవతం. వేలు పెట్టకుండా నాలుగు తీగలూ ఒక్కసారి మీటండి, మోహన రాగపు ముంగిట్లో నిలబడినట్టు ఉంటుంది. లేనిది ఒక్క రిషభమే. అదీ షడ్జం తీగ మీద రెండో మెట్టులో సిద్ధంగా ఉంది. హవాయి వారికి మోహన సంగతి తెలియకపోయినా వారి పెట్టె మాత్రం మోహన పాడుకుంటూనే పుట్టింది. నాకు ఈ సంగతి తట్టిన రోజున, ఆ పరికరం మీద ఉన్న పరాయితనం సగం పోయింది. పద్యాలు విని పెరిగిన చెవికి మోహన కన్న దగ్గరి చుట్టం ఏముంటుంది?

ఇక అమ్మాయి కష్టం. హైదరాబాదులో అంతర్జాల తరగతిలో నేర్చుకుంటున్నది. ఆ తరగతి ఎవరిదో ఇక్కడ అప్రస్తుతం. ఆరు నెలలు గడిచినా గాంధారం తీగ మీద మొదటి మెట్టు, అనగా శుద్ధ మధ్యమం, అపశ్రుతిలో పలుకుతున్నదని గురువుగారు పదే పదే చెప్పారట. "గట్టిగా నొక్కు, ఇంకా గట్టిగా నొక్కు" అన్నారట. నొక్కింది. వేళ్ళకొనలు కందిపోయాయి. శ్రుతి మాత్రం మరింత చెడింది. చివరికి వేళ్ళలో బలం లేదనీ, చెవి కూడా అంతంతమాత్రమేననీ తీర్మానం జరిగింది. ఆ తీర్మానాన్ని ఆ పిల్ల కూడా నమ్మింది. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో ఉన్నవాణ్ణి, పిల్లలు తమను గురించి నమ్మిన మాటలు ఎంత గట్టిగా పట్టుకుంటాయో కొంత ఎరుగుదును.

ఇటువంటి తీర్మానం మా ఇంట్లో ఇది మొదటిది కాదు. 1969 ప్రాంతంలో మా అక్కయ్యకు వీణ నేర్పించాలని నాన్నగారు నూజివీడు వీణ ఒకటి తెప్పించారు. బొబ్బిలి వీణ పేరు దేశమంతా తెలుసు గాని, నూజివీడు వీణలూ పేరున్నవే. పనసకర్ర కుండ, పొడుగాటి దండి, చివర యాళి ముఖం. వారానికి రెండు రోజులు ఒక గురువుగారు ఇంటికి వచ్చి పాఠం చెప్పేవారు. మొదటి ఏడాది బాగానే సాగింది. రెండో ఏడు వేసవి తరువాత అక్కయ్య ఏ స్వరం వాయించినా ఆయనకు నచ్చేది కాదు. సరళీ స్వరాలు దాటిన పిల్ల మళ్ళీ సరళీ స్వరాల దగ్గర కూలబడింది. "అమ్మాయికి స్వరజ్ఞానం లేదండీ, డబ్బు దండుగ" అని ఆయన సెలవు తీసుకున్నారు. అక్కయ్య వీణకు గుడ్డ కప్పింది.

వీణ ఎరిగినవారికి ఇందులో జరిగిందేమిటో ఈపాటికి తెలిసే ఉంటుంది. వీణకు 24 మెట్లు. గిటారు మెట్లలాగా అవి కర్రలో దిగగొట్టినవి కావు. తేనెమైనంలో నల్లపొడి కలిపి దండి మీద రెండు వరుసలు పోసి, ఆ మైనం మీద ఒక్కొక్క మెట్టును చెవితో విని, జరిపి, నిలబెడతారు. దానినే మేళం కట్టడం అంటారు. తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో, అనగా 17వ శతాబ్ది తొలి భాగంలో, 24 మెట్ల వీణ ఈ రూపానికి వచ్చిందని చెబుతారు. ఎంత గొప్ప ఏర్పాటైనా మైనం మైనమే. మా వైపు ఎండలకు మెత్తబడుతుంది, మెట్టు కుంగుతుంది, ఒరుగుతుంది. అందుకనే కొన్నేళ్ళకొకసారి మేళం తిరిగి కట్టించాలి. అక్కయ్య పెళ్ళయి వెళ్ళాక, చీరాలలో ఎవరి వీణకో మేళం కట్టడానికి వచ్చిన పనివాడు మా ఇంటికీ వచ్చాడు. వీణను ఒళ్ళో పెట్టుకుని రెండు నిమిషాలు మీటి, "దీని మీద ఎవరు వాయించారో గాని వారికి దణ్ణం పెట్టాలండీ, మధ్యస్థాయి మెట్లన్నీ కుంగిపోయాయి" అన్నాడు. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. నేను అప్పుడు హైస్కూలు పిల్లవాణ్ణి. ఆ మాట నా చెవిలోనే ఉండిపోయింది.

అందువల్ల మనవరాలి వేళ్ళ జోలికి పోకుండా ముందు పెట్టె సంగతి చూడదలచాను.

వడ్రంగి పలక వంకర చూసినట్టు, యుకలేలేను కంటి ఎత్తుకు తెచ్చి మెడ వెంబడి చూశాను. వంపు లేదు. మెట్ల అంచులు బయటికి పొడుచుకురాలేదు. వేలితో అటూఇటూ రాస్తే గీసుకోలేదు. చవక వాయిద్యాలలో ఈ లోపం చాలా ఉంటుందని విన్నాను, ఇందులో లేదు. బిరడలు వీణవాటిలాగా కర్రవి కావు, పళ్ళచక్రాలవి. తిప్పితే నిలుస్తున్నాయి. కొత్త నైలాన్ తీగ కొన్ని రోజులపాటు సాగుతూనే ఉంటుంది గనుక, రోజుకు పదిసార్లు శ్రుతి తప్పినా దాన్ని లోపంగా లెక్కించకూడదు. ఇవి ఆరు నెలల తీగలు. కుదుటపడ్డాయి.

తరువాత పన్నెండో మెట్టు. తీగ పొడవులో ఇది సరిగ్గా సగం. ఇక్కడ తీగను నొక్కకుండా వేలు ఊరికే ఆనించి మీటి వెంటనే తీసేస్తే గంటలాంటి స్వరం పలుకుతుంది. అదే మెట్టును నొక్కి మీటితే అదే స్వరం రావాలి. ఈ రెండింటికీ తేడా ఉంటే తీగ పొడవు లెక్క తప్పినట్టు, గుర్రం ఉండవలసిన చోట లేనట్టు. ఆ తప్పు సామాన్యంగా ఇంట్లో దిద్దరానిది. నాలుగు తీగల మీదా మీటి విన్నాను. తేడా లేదని చెవి చెప్పింది, ఫోనులోని శ్రుతి చూపే యాప్ కూడా ఒప్పుకున్నది. పన్నెండో మెట్టు మీద తీగ ఎత్తు మూడు మిల్లీమీటర్లకు లోపే. అదీ సమంజసమే.

అప్పుడు మొదటి మెట్టుకు వచ్చాను. గాంధారం తీగను శ్రుతి చేసి, మొదటి మెట్టు నొక్కి మీటాను. మధ్యమం ఎక్కువగా పలికింది. యాప్‌లో ముల్లు కుడివైపుకి పాతిక సెంట్ల దాకా పోయింది. ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ నడుమ దూరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక భాగం ఒక సెంటు. పాతిక అంటే పావు మెట్టు. చెవి ఉన్నవాడెవడూ భరించలేడు. మూడో మెట్టు దగ్గర ఆ తప్పు పదికి దిగింది. ఏడో మెట్టు దగ్గర నాలుగైదుకు. పన్నెండు దగ్గర మాయం. పైకి పోయినకొద్దీ తగ్గే తప్పు ఎక్కడ పుట్టినట్టు? మొదట్లో.

మెడ మొదట్లో తీగలు ఆనే చిన్న పట్టీ ఉంటుంది. వీణలో దాన్ని మేరువు అంటారు. ఇక్కడా ఆ మాటే వాడుకుంటాను, ఇంతకన్న మంచి మాట లేదు. మేరువులో ఒక్కొక్క తీగకు ఒక్కొక్క గాడి ఉంటుంది. ఆ గాడి చాలినంత లోతు లేకపోతే తీగ మొదటి మెట్టుకు మరీ ఎత్తున ఉండిపోతుంది. దాన్ని మెట్టు దాకా దించాలంటే వేలు గట్టిగా నొక్కాలి. నొక్కితే తీగ సాగుతుంది. సాగిన తీగలో బిగువు పెరుగుతుంది, బిగువు పెరిగితే స్వరం పైకి పోతుంది. మేరువుకు దగ్గరగా ఉన్న మొదటి మెట్టులో ఈ దోషం ఎక్కువ, దూరం పోయినకొద్దీ తక్కువ.

ఇప్పుడు "ఇంకా గట్టిగా నొక్కు" అన్న ఉపదేశం సంగతి చూడండి. ఆ పిల్ల ఎంత గట్టిగా నొక్కితే మధ్యమం అంత పైకి పోయింది. గురువు మాట ఎంత శ్రద్ధగా విన్నదో అంత అపశ్రుతిలో పలికింది! చెవి బాగాలేని పిల్ల అయితే ఆ తేడా గమనించక హాయిగా వాయించుకునేది. తేడా వినబడింది కాబట్టే మానేసింది.

పరీక్ష చాలా సులభం. మూడో మెట్టు మీద తీగను నొక్కి పట్టుకుని, మొదటి మెట్టుకూ తీగకూ నడుమ సందు చూడాలి. మామూలు కాగితం ఒక్కటి దూరేంత ఉంటే మంచిది. సందే లేకపోతే వట్టి తీగ మీటినప్పుడు మెట్టుకు తగిలి జుంయ్ మంటుంది. మేము పాత పోస్టుకార్డును ముక్కలు చేసి దూర్చి చూశాము. మా దానిలో మూడు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టినా పట్టాయి. అమ్మాయికి ఆ ముక్కలు తానే దూర్చే పని ఇచ్చాను. మూడో ముక్క లోపలికి పోగానే నా ముఖం వంక చూసింది. నేనేమీ చెప్పలేదు. చెప్పవలసింది పోస్టుకార్డే చెప్పింది.

గాడి లోతు చేయడం ఎవరికి తెలుసు? వడ్రంగి ఆకురాయి దీనికి పనికిరాదు, మోటు. తీగ మందం మిల్లీమీటరులో మూడువంతులకు అటూఇటూ. అంతటి సన్నని ఆకురాళ్ళు ఉండేది బంగారప్పని చేసేవారి దగ్గర. చీరాలలో మాకు తెలిసిన ఒక ఆచారిగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన జన్మలో యుకలేలే చూడలేదు. విషయం చెప్పగానే మాత్రం, "గాడి అడుగు ఇటు మెట్ల వైపు ఎత్తుగానూ, అటు బిరడల వైపు కొద్దిగా వాలుగానూ ఉండాలి కదండీ, లేకపోతే తీగ మధ్యలో ఆనుతుంది" అన్నారు. నేను చెప్పకుండానే! పని తెలిసినవారికి పరికరం కొత్తదైనా పని కొత్తది కాదు. తీగ వదులు చేసి పక్కకు తప్పించడం, మూడుసార్లు రాయడం, తీగ మళ్ళీ బిగించడం, కాగితం పెట్టి చూడడం. మళ్ళీ మూడుసార్లు. నాలుగు తీగలకూ గంటన్నర పట్టింది. ఒకసారి ఎక్కువ రాస్తే తిరిగి అతికించడం కష్టం గనుక ఆయన తొందరపడలేదు. డబ్బు వద్దన్నారు. వాయించి వినిపించమన్నారు. అమ్మాయి సిగ్గుపడి, నాలుగు తీగలూ ఒక్కసారి మీటి ఊరుకుంది.

ఇంటికి వచ్చి మధ్యమం చూసుకున్నాము. ముల్లు మధ్యకు వచ్చి, మూడు నాలుగు సెంట్ల ఇవతల నిలిచింది. వేలు ఊరికే వాల్చినట్టు ఆనిస్తే చాలు. అదే వేలు, అదే చెవి.

పరికరం వాయించడానికి వీలుగా ఉన్నదా అన్న ప్రశ్న తేలాక గాని నాదం మాట ఎత్తకూడదని నా అభిప్రాయం. సమీక్షకులు దీన్ని తలకిందులు చేస్తారు. ఛందస్సు తప్పిన పద్యంలో అలంకారాలు వెదకడంలాంటిది అది.

నాదం విషయంలో మొదట కుండను కొట్టి చూసినట్టు పై పలకను వేలి గణుపుతో తట్టాలి. కుమ్మరి దగ్గర కుండ కొనేవారు ఊరికే కొట్టి చూస్తారా? ఖంగున మోగితే ఒకటి, బొదబొదమంటే మరొకటి. ఈ పెట్టె పలుకు మధ్యరకం. గుండ్రని రంధ్రపు అంచు దగ్గర కర్రను పరికించి చూస్తే కారణం తెలిసింది. పైన కనబడే కర్ర రేఖలు అంచులోకి కూడా అట్లాగే దిగి ఉంటే అది ఏకపు పలక. అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే అతుకుల పలక, ప్లైవుడ్డు. మాది పొరలది. సమీక్షలలో పొరల పలక అంటే ఈసడింపు. ఏకపు పలక ఎక్కువ ఒదుగుతో మోగుతుందనే మాట నిజమే. అయితే మాది సముద్రానికి దగ్గరి ఊరు. ఒక వంక కొమ్మమూరు కాలువ తడి, ఒక వంక ఓడరేవు నుంచి వచ్చే ఉప్పుగాలి. ఏప్రిల్‌లో ఎండకు ఎండిన కర్ర ఆగస్టులో ఉబ్బుతుంది. పలక ఉబ్బితే గుర్రం పైకి లేస్తుంది, గుర్రంతోపాటు తీగ ఎత్తు. ఎండితే పలక నెర్రె విచ్చవచ్చు. ఏకపు పలకను కాపాడుకోవడానికి ఏ సంపన్నులకో సాధ్యమైన ఏర్పాట్లు కావాలి. బీరువా పక్కన పెరిగే వాయిద్యానికి పొరల పలకే మేలు. నాదంలో పావు వంతు తగ్గినా శ్రుతిలో నిలుస్తుంది.

ఒక్కొక్క తీగ మీద ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ సమానమైన ఒత్తిడితో మీటి వినడం మరొక పరీక్ష. ఏదో ఒక మెట్టు దగ్గర స్వరం గభాలున చచ్చిపోతుంది కొన్నింటిలో. ఈ పెట్టెలో ధైవతం తీగ మీద పదో మెట్టు కొంచెం మూగది. అక్కడిదాకా అమ్మాయి చేయి పోవడానికి ఇంకా ఏడాది పడుతుంది. దాన్ని వదిలేశాను.

అసలు కొరత మరొకటి ఉంది. పంచమం తీగ అందరికన్న పైన ఉన్నా, దాని స్వరం మంద్రం కాదు. షడ్జానికి పైనున్న పంచమమే. అంటే ఈ వాయిద్యంలో షడ్జం కింద ఏమీ లేదు! పద్యం చివర రాగం మంద్రపంచమం దాకా దిగి విశ్రమించాలంటే ఎక్కడికి దిగుతుంది? మెట్లు లేని బావి. దీనికి రెండు దారులు. పంచమం తీగను తీసి, ఒక స్థాయి కింద పలికే లావు తీగ వేయవచ్చు. దానికి మేరువు గాడి వెడల్పు చేయాలి, మళ్ళీ ఆచారిగారి గడప తొక్కాలి. రెండో దారి మనవారికి తరతరాలుగా తెలిసినదే: మధ్యమశ్రుతి. మధ్యమాన్నే షడ్జం చేసుకుంటే వట్టి షడ్జం తీగ మంద్రపంచమం అవుతుంది. ఇక్కడ ఒక విశేషం. అప్పుడు షడ్జం పలకవలసింది గాంధారం తీగ మొదటి మెట్టులో! ఏ మెట్టు పిల్లకు శత్రువైందో అదే సంగీతానికంతకూ ఆధారమైంది. ఆచారిగారి ఆకురాయి అడ్డుపడకపోతే ఈ దారి మూసుకుపోయేదే.

గమకం మాట ఎత్తుతారని తెలుసు. వీణ తీగను మెట్టు మీద పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పలికించవచ్చు. పొట్టి నైలాన్ తీగను ఎంత లాగినా అంతగా ఎక్కదు. మోత కూడా కొద్దిసేపే, పుట్టిన వెంటనే అస్తమిస్తుంది. మెట్లు సమభాగాలుగా దిగగొట్టినవి గనుక, అంతర గాంధారం మన చెవి కోరినదానికన్న సుమారు 14 సెంట్లు పైన పలుకుతుంది. హార్మోనియం మీద పడిన నిందలలో ఇదీ ఒకటి. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని వెలివేసి 1971 దాకా దగ్గరికి రానివ్వలేదు. ఆ ముప్పై ఏళ్ళూ తెనాలి వైపు పద్యనాటకం మాత్రం హార్మోనియం లేకుండా ఒక్క రాత్రి గడిపి ఎరగదు.

మెట్ల వాయిద్యం, పరదేశి వాయిద్యం మన సంగీతానికి ఒదగదనే మాటకు పాలకొల్లు నుంచి జవాబు వచ్చింది. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్ననాడే తండ్రిగారి మాండలిన్ చేతికి తీసుకున్నాడు. రుద్రరాజు సుబ్బరాజుగారి దగ్గర సంగీతం అభ్యసించి, 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. మాండలిన్‌కు మామూలుగా నాలుగు జతల తీగలు, ఎనిమిది. అతను జతలు తీసివేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, అయిదో తీగ చేర్చుకున్నాడు, మోత నిలవడం కోసం విద్యుత్ మాండలిన్ పట్టుకున్నాడు. వాయిద్యం సంగీతానికి సరిపోకపోతే వాయిద్యాన్నే మార్చాడు. ఆ పిల్లవాడి చేతికి లోపమున్న పెట్టె ఇచ్చి, వేళ్ళు మంచివి కావని ఎవరైనా చెప్పి ఉంటే? 2014 సెప్టెంబరులో 45 ఏళ్ళకే అతను పోయినప్పుడు నేను చాలాసేపు ఈ ఒక్క సంగతే ఆలోచించాను.

మా అమ్మాయి శ్రీనివాస్ అవుతుందని నేను అనడం లేదు. మోహనలో పిల్లలకు మొదట్లో నేర్పే గీతం సగం వాయిస్తున్నది, అంతే. ఎడమచేతి చిటికెన వేలు ఇంకా మాట వినదు. అది మాత్రం నిజంగా వేలిదే, సాధనతో పోతుంది. ఏది వేలిదో ఏది పెట్టెదో ఇప్పుడు తానే వేరు చేసి చెబుతున్నది. మధ్యమం బాగాలేదనిపిస్తే ముందు పోస్టుకార్డు ముక్క వెదుకుతున్నది.

జూన్ మొదటివారంలో రేపల్లె నుంచి అక్కయ్య వచ్చింది. డెబ్బై దాటినా చూపు బాగానే ఉంది. మేరువు సంగతి, ఆచారిగారి సంగతి అమ్మాయే పూసగుచ్చినట్టు చెప్పింది. అక్కయ్య విని, "ఏదీ, ఇటియ్యి" అని దాన్ని అందుకుని, వీణలాగా ఒళ్ళో అడ్డంగా పెట్టుకోబోయి, కుదరక, గుండెకు ఆనించుకుంది. షడ్జం తీగ మీటింది. రెండో మెట్టు మీద వేలు పెట్టి, యాభై ఏళ్ళనాటి అలవాటు చొప్పున తీగను పక్కకు లాగింది. నైలాన్ తీగ అర స్వరమైనా ఎక్కలేదు. ఒక్క క్షణం వేలిని చూసుకుంది. తరువాత లాగడం మానేసి, రిషభం నుంచి గాంధారానికి అదే తీగ మీద వేలిని జార్చింది. స్వరం తెగకుండా వెళ్ళి గాంధారంలో ఆగింది.

"దీని మీద జారు వస్తుందిరా తమ్ముడూ" అన్నది. "ఏదమ్మా, నువ్వు చెయ్యి" అని అమ్మాయి వేలు తీసి మెట్టు మీద పెట్టింది.